చింతచెట్ల కింద ముక్కు మూసుకున్నాక తెలిసింది

"ప్రకృతిని ఇష్టపడటం అంటే అసలేమిటి? అది మనుషుల్లో ఎలా కనిపిస్తుంది?" అని అడిగారు. నేను చూసింది చెప్తాను.

మాది అనంతపురం. నా ఫోన్ నిండా గండికోట లోయ ఫోటోలే. అదే నేను, ఇంటి ముందు వేపచెట్టు మీది కాకులు బండిని రెట్టలతో నింపుతున్నాయని కొమ్మలు కొట్టించడానికి ఒక మనిషిని మాట్లాడి పెట్టాను.

ఆ వారమే హిందూపురంలో పెళ్లికి వెళ్లి, అక్కణ్ణుంచి చిలమత్తూరు మండలంలోని వీరాపురం పోయాను. 2022లో జిల్లాలు విడగొట్టక ముందు అదీ మా అనంతపురమే. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. అందరూ సైబీరియా కొంగలు అంటారు గానీ, కాదు. ఇవి మన దేశపు పక్షులే.

ఫోటోల్లో రాని సంగతి ఒకటుంది, వాసన. కొంగలు చెరువుల్లో మింగిన చేపల్ని గూట్లో కక్కి పిల్లలకు పెడతాయి. కొన్ని కిందపడి ఎండకు కుళ్లుతాయి. వాటికి తోడు రెట్టలు. నేను పది నిమిషాలకే ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నా. ఆ చెట్ల పక్కనే అరుగు మీద ఒక అవ్వ వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ కూర్చుంది.

"ఈ కంపు ఎట్లా ఓర్చుకుంటారవ్వా?" అన్నాను.

"కూతురు కాన్పుకొస్తే ఇంట్లో పురిటి వాసన రాదా నాయనా?" అంది.

పక్షులున్నన్నాళ్లు అక్కడ టపాసులు కాల్చరట. గూళ్లున్న కొమ్మలు నరకరట. గూట్లోంచి పిల్ల జారిపడితే ఎత్తి సాకుతారట. అవ్వ ఇవన్నీ గొప్పగా చెప్పలేదు, అడిగితే చెప్పింది. చెరువులు ఎండితే కొంగలు తక్కువ వస్తాయని మాత్రం దిగులుపడింది. వానలు లేని ఏడాది ఆ దిగులు రెండింతలు ఉంటుంది కదా, చేలకూ పక్షులకూ కలిపి.

కడప వైపు కలివికోడి సంగతి కూడా నాకు ఇలాగే తోస్తుంది. ఇక లేదనుకున్న పిట్ట 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. తర్వాత దానికోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. ఆ పిట్టను కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? కవితలు రాసినవాళ్ల కంటే, కాలువ కాస్త చుట్టు తిరిగితే ఏం అన్నవాళ్లదే నాకు అసలైన ఇష్టంగా కనిపిస్తుంది.

ఇంటికి రాగానే కొమ్మలు కొట్టే మనిషికి ఫోన్ చేసి వద్దన్నాను. ఇప్పుడు బండి మీద పాత గోనెపట్ట కప్పుతున్నా. మా ఆవిడ కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. రోజూ చెట్టు కింద ఊడ్చేది తనే కదా.