పడిన తర్వాత గడప దాటని అమ్మను మళ్ళీ నడిపించడం ఎలా?

నాన్నగారు పోయిన ఏడాదికి అమ్మ బాత్‌రూమ్‌లో జారి పడిందని, ఎముక విరగకపోయినా ఎనిమిది నెలలుగా గడప దాటడం లేదని, మనిషిని పెట్టి అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నామని రాశారు. ఇంకేం చెయ్యాలని అడిగారు. నాకిప్పుడు 71. ఆ మంచం మీంచి లేచి వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ముందు ఆ అందించడం తగ్గించండమ్మా.

హనుమకొండలో మా ఇంటి పెరట్లో పడి నా ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలకు కట్టు విప్పారు, చెయ్యి కుదురుకుంది. భయం మాత్రం పోలేదు. మా కోడలు ప్రేమకొద్దీ నన్ను కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. నాలుగు నెలలు తిరిగేసరికి చేతులు ఆనించకుండా లేవలేకపోయాను. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, "దెబ్బ తగిలింది చేతికి కదా, కాళ్ళకెందుకు సెలవిచ్చారు?" అంది. వాడకపోతే తొడ కండలు కరిగిపోతాయి, మన వయసులో మరీ తొందరగా. ఆ బలహీనతే ఇంకోసారి పడేస్తుంది.

అయితే మీ అమ్మగారు ఎందుకు పడ్డారో ముందు తెలుసుకోండి. నాకు లేవగానే కళ్ళు తిరిగేవి. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి మాత్ర మోతాదు మార్చారు. కంట్లో శుక్లాలున్నాయేమో, చెప్పులు వదులయ్యాయేమో కూడా చూడండి. బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రి దారిలో చిన్న లైటు ఉంచండి.

నేను మొదలుపెట్టింది గోడకానించిన కుర్చీతో. చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. మొదట్లో రెండుసార్లు లేస్తే గొప్ప, ఇప్పుడు పూటకి పది. పాలు కాగేలోపు వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి శ్రమ చెయ్యాలని, మూడు రోజులైనా ఒళ్ళు తూలకుండా నిలిపే వ్యాయామాలు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ 150 లెక్క ఆమెకు ఇప్పుడే చెప్పకండి. గేటు దాకా వెళ్ళి వస్తే ఆ రోజుకి చాలు. "నడువమ్మా" అంటే ఎవరూ నడవరు, "కాస్త కరివేపాకు కోసుకురా" అంటే లేస్తారు. మీరు ఆమె చెయ్యి పట్టుకుని లాగొద్దు, ఆమెనే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి.

నన్ను వీధిలోకి తెచ్చింది బస్సు. అప్పటిదాకా గుడికి వెళ్ళాలన్నా కొడుకు తీరిక చూసి అడగాలి, ఆ మొహమాటానికే మానేసేదాన్ని. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాయి. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని భద్రకాళి గుడికి ఒక్కదాన్నే వెళ్ళిన రోజు ఏడుపొచ్చింది. బడి పిల్లల రద్దీ తగ్గాక, పదిన్నర దాటాక ఎక్కుతాను. ఎక్కేటప్పుడు గట్టి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే. చేతికర్ర పట్టుకోవడానికి మొదట నామోషీ పడ్డాను. అది చేతిలో ఉంటే జనం దారిస్తారని తర్వాత తెలిసింది.

శనివారాలు ఏడుగురం కలిసి విష్ణు సహస్రనామం చదువుతాం. ఓ వారం జలుబు చేసి వెళ్ళకపోతే మధ్యాహ్నంలోపు మూడు ఫోన్లు వచ్చాయి, "ఏమైంది వదినా, రాలేదేం?" అని. అలా అడిగేవాళ్ళు మీ అమ్మగారికి ఇద్దరైనా కావాలి. పాత పరిచయస్థుల్లో ఎవరినైనా వెతికి ఇంటికి పిలవండి, ఆ తర్వాత ఆమెనే వాళ్ళింటికి పంపండి. తిండి, నిద్ర తగ్గి, ఏదీ వద్దంటుంటే మాత్రం వయసు కదా అని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి, భర్త పోయిన దిగులు అలాగే లోపల ఉండిపోతుంది. పెద్దవాళ్ళ కోసం 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది, మాటసాయం చేస్తారు.

మంచం పక్కన మంచినీళ్ళు మాత్రం తియ్యకండి, లేవాల్సొస్తుందని తాగడం మానేస్తారు. రేపు పొద్దున కాఫీ గ్లాసు మంచం దగ్గరికి తీసుకెళ్ళకుండా, వంటింట్లో రెండు కుర్చీలు వేసి పిలవండి. ఆమె లేచేటప్పుడు పక్కనే నిలబడండి.