న్యూస్‌రూముల్లో ‘జాతి వైవిధ్యత’

సందేహం: అమెరికా పత్రికల మీద వచ్చిన ఒక వ్యాసంలో ‘న్యూస్‌రూముల్లో జాతి వైవిధ్యతను ప్రోత్సహించాలి, మైనారిటీ పాత్రికేయుల సంఖ్య పెంచాలి’ అని చదివాను. నేనేమో కులాల సంగతి అనుకున్నాను. మా నాన్నగారు ముస్లింల గురించి అన్నారు. ఇంతకీ ఈ వాక్యం సరైనదేనా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ తప్పూ లేదు, నాన్నగారి తప్పూ లేదు. వ్యాకరణం మాట అటుంచితే, ఆ వాక్యం మన పాఠకుల్ని తలచుకుని రాసింది కాదు.

ముందు చిన్న సంగతి. ‘వివిధ’ నుంచి పుట్టిన ‘వైవిధ్యం’ అప్పటికే భావనామం. దానికి మళ్లీ ‘త’ తగిలించనక్కర్లేదు. ‘ప్రాధాన్యత’, ‘ప్రాముఖ్యత’ ఇలాగే వచ్చి స్థిరపడిపోయాయి, వాటితో నాకిప్పుడు పేచీ లేదు. దీన్ని మాత్రం ఇంకా ఆపొచ్చు.

అసలు చిక్కు ‘జాతి’తో. జాతిపిత అన్నప్పుడు అది దేశం. తెలుగుజాతి అంటే ఒక భాష మాట్లాడే జనం. ఒంగోలు జాతి ఎద్దు అంటే పశువుల్లో ఒక రకం. కులానికీ ఆ మాట వాడేవారున్నారు. ఇన్ని పనులు చేసే మాటకు ఇంగ్లీషులోని ‘రేస్’, ‘ఎత్నిసిటీ’ రెండూ అప్పజెప్పాం. అక్కడ ఆ రెండూ ఒకటి కావు. రేస్ అంటే తెల్లవారు, నల్లవారు లాంటి విభజన. ఎత్నిసిటీ అంటే మూలాలు, సంస్కృతిని బట్టి చేసేది. స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చిన కుటుంబాలవారిని హిస్పానిక్‌లంటారు. వాళ్లు తెల్లవారూ కావచ్చు, నల్లవారూ కావచ్చు. అందుకే అమెరికా జనాభా లెక్కల్లో రేస్‌కు ఒక ప్రశ్న, హిస్పానిక్ అవునా కాదా అని మరో ప్రశ్న ఉంటూ వచ్చాయి. ఇక మీదట రెంటినీ కలిపి అడగాలని 2024లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది.

‘మైనారిటీ’ ఇంకా తికమక పెడుతుంది. మన దగ్గర ఆ మాట వినగానే మతమే గుర్తొస్తుంది, నాన్నగారికి తోచిందీ అదే. అక్కడ లెక్క వేరు. 1967లో అమెరికా నగరాల్లోని నల్లవారి వాడల్లో చెలరేగిన అల్లర్లపై అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇస్తూ పత్రికల కోసం ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. సంపాదకీయ విభాగాల్లో నల్లవారు ఐదు శాతం కూడా లేరు, పై పోస్టుల్లో ఒక్క శాతం కూడా లేరు, వార్తలన్నీ తెల్లవారి కళ్లతోనే చూస్తున్నారు అని కడిగేసింది. పదేళ్లకు, 1978లో, అక్కడి వార్తాపత్రికల సంపాదకుల సంఘం లక్ష్యం పెట్టుకుంది: 2000 నాటికి జనాభాలో మైనారిటీల వాటా ఎంతో న్యూస్‌రూముల్లోనూ అంత ఉండాలని. అప్పటికి ఉన్నది సుమారు నాలుగు శాతం. గడువు రాకముందే, 1998లో, దాన్ని 2025కు జరిపేశారు!

ఆ లెక్కలో మైనారిటీలంటే నల్లవారు, హిస్పానిక్‌లు, ఆసియా మూలాలవారు, అమెరికా మూలవాసులు. మతంతో పనిలేదు. డాలస్‌లో పుట్టి పెరిగి అక్కడి పత్రికలో రిపోర్టరైన తెలుగమ్మాయి హిందువైనా, క్రైస్తవురాలైనా ఆ జాబితాలోకే వస్తుంది.

ఈ మూలవాసుల్ని ఇంకా ‘రెడ్ ఇండియన్లు’ అని రాసేవారున్నారు, మానుకోవాలి. ‘నీగ్రో’ కూడా అంతే. పాత సంస్థల పేర్లలో ఉంటే తప్ప వద్దు. ‘నల్లవారు’, ‘నల్లజాతీయులు’ రెండూ చెల్లుతాయి. 2020లో వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ‘బ్లాక్’ను పెద్దబడి (క్యాపిటల్) అక్షరంతో మొదలుపెట్టాలని నిర్ణయించినప్పుడు అక్కడ పెద్ద చర్చే జరిగింది. మన లిపికి ఆ టెన్షన్ లేదు.

ఇక ‘వైవిధ్యం’. ‘వైవిధ్యమైన పాత్ర’ అని సినిమా వార్తల్లో రోజూ చూస్తుంటాం కాబట్టి ‘న్యూస్‌రూములో వైవిధ్యం’ అంటే కొత్త రకం శీర్షికలేవో పెడుతున్నారు కాబోలు అనిపిస్తుంది. దానికి ‘ప్రోత్సహించాలి’ తోడైతే ఎవరు ఏం చేయాలో అసలే తెలియదు. కనుక మనుషుల పేరు పెట్టి చెప్పడమే మేలు: ‘అమెరికా న్యూస్‌రూముల్లో నల్లవారిని, హిస్పానిక్‌లను, ఆసియన్ అమెరికన్లను, మూలవాసులను జనాభాలో వారి వాటాకు తగ్గట్టు ఉద్యోగాల్లోకి తీసుకోవాలి.’

వాక్యం పొడుగైంది, నిజమే. శీర్షికలో పట్టదంటే ‘న్యూస్‌రూముల్లో ఇంకా తెల్లవారే ఎక్కువ’ అని పెట్టుకోవచ్చు.