నష్టం వస్తే దాచకురా

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

వైట్‌ఫీల్డ్ ఉద్యోగం మానేసి ఇక ట్రేడింగే చేస్తావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మన ఇంట్లో సొంత వ్యాపారం మొదలుపెట్టింది నువ్వేనని గర్వంగానూ ఉంది. అవును, అది వ్యాపారమే. ట్యాక్స్ వాళ్లూ అలాగే చూస్తారు.

డెలివరీ తీసుకోకుండా ఇంట్రాడే, అంటే కొన్న షేర్లు ఆ రోజే అమ్మేయడం, చేస్తే స్పెక్యులేటివ్ (జూదం లాంటి) వ్యాపారం. ఆ నష్టం అలాంటి లాభంలోంచే తగ్గుతుంది, అదీ 4 ఏళ్లలోపు. ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాల ట్రేడింగ్, మామూలు వ్యాపారం కింద వస్తుంది, నష్టాన్ని 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. రెండూ చూపాల్సింది ఐటీఆర్-3 అనే రిటర్న్ ఫారంలోనే. తాతయ్య ఇచ్చిన షేర్లు మాత్రం వేరే డీమ్యాట్ ఖాతాలో పెట్టు. 12 నెలలు దాటిన లిస్టెడ్ షేర్లను పెట్టుబడిగా చూపితే అధికారులు కాదనకూడదని 2016లో సర్క్యులర్ ఇచ్చారు. ఒకసారి అలా చూపాక మరుసటి ఏడు మాట మార్చకూడదు.

ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని ఈ ఏటి జీతంలోంచి తీసేస్తారని మీ అమ్మతో అన్నావట. తీయరురా! ఎవరు చెప్పారు నీకు?

2008 జనవరిలో మార్కెట్ కూలినప్పుడు ఫ్యూచర్స్‌లో నావి 4 లక్షలు పోయాయి. మీ పెద్దమ్మకు చెప్పలేదు. నా రిటర్న్ వేసేది ఆమె తమ్ముడే. నష్టం చూపిస్తే ఇంట్లో తెలిసిపోతుందని జీతం ఒక్కటే రాయించాను. పోయిన డబ్బుకు పన్నేముంది అనుకున్నాను. 2009 మేలో ఎన్నికల ఫలితాల తర్వాత మార్కెట్ లేచింది, ఆ ఏడు 3 లక్షలు వచ్చాయి. వచ్చిందంతా సైటుకు అడ్వాన్స్ ఇచ్చేశాను. పాత నష్టాన్ని గడువులోగా చూపి ఉంటే ఆ లాభం మీద పైసా కట్టక్కర్లేదు. చూపలేదు కాబట్టి 30 శాతం లెక్కన 90 వేల పైచిలుకు కట్టాలన్నారు. చేతిలో ఏమీ లేదు. మీ పెద్దమ్మ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. తాకట్టుకు తీసుకెళ్తుంటే ఒక్కటే అంది: "పోయిన రోజే చెప్తే ఇద్దరం ఏడ్చేవాళ్లం కదా."

2021-22 నుంచి 2023-24 ఆర్థిక సంవత్సరం దాకా ఎఫ్ అండ్ ఓ చేసిన మామూలు మనుషుల్లో నూటికి 93 మందికి నష్టమే అని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క తేల్చింది. నువ్వు వాళ్లలో ఒకడివి అవుతావని కాదు నాన్నా. అయినా సరే, గడువులోగా రిటర్న్‌లో రాయి.

ఆదివారం మల్లేశ్వరం రా. బ్రోకర్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి పట్టుకురా, నష్టం ఉన్నా సరే. కోడల్నీ వెంట తీసుకురా, లెక్క తనూ చూడాలి.