రోజుకు పద్దెనిమిదిన్నర డాలర్ల టిప్పు ఎవరి జేబులోకి?

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. మా అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వేసవిలో మా ఇద్దర్నీ రమ్మని, తన భార్యాపిల్లలతో కలిపి ఆరుగురికి అలాస్కా క్రూజ్ బుక్ చేశాడు. ఏడు రాత్రులు. టికెట్లు వాడే కొన్నాడు. ఓడ మీద అయ్యే ఖర్చు నాదే అని మాటిచ్చాను. తీరా చూస్తే ఒక్కొక్కరికి రోజుకు 18.50 డాలర్ల ‘గ్రాట్యుటీ’ దానంతటదే బిల్లులో పడుతుందట, పిల్లలకు కూడా. మొత్తం 777 డాలర్లు. నా నెల పెన్షన్ కంటే ఎక్కువ! నాతో వాకింగ్‌కు వచ్చే స్నేహితుడు ఇదివరకు క్రూజ్‌కు వెళ్ళొచ్చాడు. “మొదటిరోజే కౌంటర్‌లో చెప్పి తీయించెయ్. రూము కుర్రాడి చేతిలో ఇరవై డాలర్లు పెట్టు, వాడికీ సంతోషం” అన్నాడు. ఆ డబ్బు పనివాళ్ళకు చేరుతుందా, కంపెనీ మింగేస్తుందా? తీయించమంటారా?
— ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: మాస్టారూ, ముందు ఆ ‘గ్రాట్యుటీ’ అన్న మాట దగ్గరే తికమక ఉంది. మీరు రిటైరైనప్పుడు చేతికొచ్చిన గ్రాట్యుటీకీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఇది టిప్పు. కాకపోతే మన ఇష్టానికి వదలకుండా వాళ్ళే రాసేసుకున్న టిప్పు.

తీయించవచ్చా అంటే, తీయించవచ్చు. అమెరికా నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో చాలావాటిలో గెస్ట్ సర్వీసెస్ అనే కౌంటర్ ఉంటుంది. అక్కడ అడిగితే తగ్గిస్తారు, మొత్తం తీసెయ్యమన్నా తీసేస్తారు. ఓడ దిగే లోపే అడగాలి. మీ స్నేహితుడు చెప్పినదాంట్లో ఆ మేరకు అబద్ధం లేదు. అయినా నేను మాత్రం తీయించమని చెప్పను. ఎందుకో తెలియాలంటే ఈ డబ్బు ఎలా నడుస్తుందో చూడాలి.

పాతికేళ్ళ కిందట క్రూజుల్లో పద్ధతి వేరు. రోజూ రాత్రి అదే టేబుల్, అదే వెయిటర్, అదే అసిస్టెంట్. ఆఖరి రోజు సాయంత్రం గదిలో ఖాళీ కవర్లు పెట్టేవాళ్ళు. వెయిటర్‌కొకటి, అసిస్టెంట్‌కొకటి, గది సర్దేవాడికొకటి. ప్రయాణికులు అందులో నోట్లు పెట్టి చేతికిచ్చేవారు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల కవర్ల లాగే. 2000లో నార్వేజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ ‘మీకు నచ్చిన వేళ, నచ్చిన చోట తినండి’ అనే పద్ధతి తెచ్చింది. తర్వాత మిగతావాళ్ళూ చాలామంది అదే దారి పట్టారు. ఈ రాత్రి ఒక రెస్టారెంట్, రేపు బఫే, ఎల్లుండి ఇంకోచోట తింటే వెయిటర్ రోజుకొకడు మారతాడు. ఇక కవర్ ఎవరికివ్వాలి? అందుకే మనిషికి రోజుకింత అని కట్టి, అందరి డబ్బూ ఒకే గల్లాలో వేసి, దాన్ని పంచడం మొదలైంది. ఇప్పుడు నార్వేజియన్‌లో మామూలు గదికి రోజుకు 20 డాలర్లు. మీకు పడ్డ 18.50 వింత రేటేమీ కాదు. సూట్ గదులైతే ఇంకాస్త ఎక్కువ.

మన ఊళ్ళో ఈ ఏర్పాటు కొత్తేం కాదు. ఇరానీ హోటల్లో సోంపు పళ్ళెంలో మనం వదిలేసే ఇరవై రూపాయలు కొన్నిచోట్ల ఆ వెయిటర్ జేబులోకే పోతాయి. కొన్నిచోట్ల క్యాష్ కౌంటర్ దగ్గరి డబ్బాలో పడతాయి. రాత్రి షట్టర్ దించాక వంట మాస్టర్ నుంచి టేబుల్ తుడిచే పిల్లాడి దాకా పంచుకుంటారు. ఓడ మీద జరిగేది ఈ రెండోదే, లెక్క కంప్యూటర్‌లో ఉంటుంది అంతే.

వాటా ఎవరికి? మీకు కనిపించేవాళ్ళు ముందు: గది సర్దేవాళ్ళు, వెయిటర్లు, అసిస్టెంట్ వెయిటర్లు, హెడ్ వెయిటర్లు. ఆ తర్వాత మీకు కనిపించనివాళ్ళు. కిచెన్‌లో గిన్నెలు కడిగేవాళ్ళు, లాండ్రీ వాళ్ళు, బఫేలో పళ్ళేలు తీసేవాళ్ళు, ఇంకా హోటల్ విభాగంలో తెరవెనక ఉండేవాళ్ళు. కెప్టెన్‌కు, ఇంజన్ రూము వాళ్ళకు, ఓడ నడిపే నావికులకు ఇందులో పైసా ఉండదు. వాళ్ళది జీతం. ఎవరికెంత శాతం అన్నది మాత్రం చాలా కంపెనీలు గుట్టుగానే ఉంచుతాయి. డిస్నీ ఓడల్లో గది చూసేవాళ్ళకింత, సర్వర్‌కింత అని విడివిడిగా చెబుతారు. మిగతా చాలామంది ‘మా సిబ్బందికి పంచుతాం’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. మీ అనుమానంలో తప్పేం లేదనేది అందుకే.

నా దగ్గర సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే వాయిదాలు) కట్టే ఒక కుర్రాడు ఉన్నాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి క్రూజ్ ఓడలో గదులు సర్దే పనిలో చేరాడు. సెలవుకొచ్చినప్పుడు ఫోన్‌లో పే స్లిప్ చూపించాడు. బేసిక్ ఒక లైను, గ్రాట్యుటీ వాటా ఒక లైను. రెండో అంకె మొదటిదానికంటే పెద్దది. “సార్, బ్యాంకువాళ్ళు నా జీతం ఎంత అనడిగితే ఏం చెప్పాలో నాకే తెలీదు” అని నవ్వాడు. వేసవిలో ఓడ నిండితే ఒక లెక్క, ఖాళీగా నడిస్తే ఒక లెక్క. కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఇంటి దగ్గరున్న రోజులకు జీతమే లేదు. అందుకే అతని సిప్‌లు మొత్తం బేసిక్ మీదే కట్టించాను. టిప్పుల డబ్బు వచ్చినప్పుడల్లా విడిగా వేస్తాడు. అతనితో క్యాబిన్‌లో ఉండేవాడికి లాండ్రీలో డ్యూటీ. ఓడ అడుగున, కిటికీ కూడా లేని చోట. ఆర్నెల్ల కాంట్రాక్టులో ఒక్క ప్రయాణికుడు కూడా అతనితో మాట్లాడలేదట. మీ స్నేహితుడు చేతిలో పెట్టమన్న ఇరవై డాలర్లు ఆ కుర్రాడి దాకా ఏ దారిన వెళ్తాయి?

ఇంకో చిక్కుంది. చాలా కాంట్రాక్టుల్లో ‘నెలకు ఇంతకు తగ్గకుండా ఇస్తాం’ అని కంపెనీ హామీ ఇస్తుంది. అందులో బేసిక్ చిన్నది, మిగతాది మన టిప్పుల నుంచే నింపుతారు. టిప్పుల వాటా తక్కువపడితే ఆ తేడా కంపెనీ వేస్తుంది. అంటే మనమిచ్చే దాంట్లో మొదటి భాగం పనివాడికి అదనం కాదు, కంపెనీ జీతాల ఖర్చుకు ఆసరా. హామీ దాటాక వచ్చేదే వాడికి నిజంగా పైన పడేది. ‘కంపెనీ మింగేస్తుందా’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. డబ్బు పనివాళ్ళకే చేరుతుంది, కానీ కంపెనీ ఇవ్వాల్సిన చోట మనం ఇస్తున్నాం.

నాకూ ఒళ్ళు మండుతుంది. ఈ ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా లాంటి దేశాల జెండా కింద నడుస్తాయి. కాబట్టి సియాటిల్‌లో ఎక్కినా అందులో పనిచేసేవాడికి అమెరికా కనీస వేతనం వర్తించదు. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం పనిగంటలు వారానికి 72 దాటకూడదు, లేదా కనీసం 77 గంటల విశ్రాంతి ఇవ్వాలి. రోజుకు పది గంటలు, వారానికి ఏడు రోజులు చేయించినా ఆ గీత దాటనట్టే. ఇంత చాకిరీకి ఇచ్చే జీతం టికెట్ ధరలో కలిపేస్తే పోయేది కదా! బ్రిటన్‌లో పీ అండ్ ఓ క్రూజెస్ 2019 నుంచి ఆ పనే చేసింది, విడిగా టిప్పు వేయడం మానేసింది. అమెరికా కంపెనీలు విడిగా చూపిస్తున్నాయంటే వెబ్‌సైట్‌లో టికెట్ చవగ్గా కనిపించాలనే.

‘మన దగ్గర సర్వీస్ చార్జి బలవంతం కాదు కదా’ అని మీరు అనవచ్చు. నిజమే. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ హోటళ్ళు బిల్లులో దానంతటదే సర్వీస్ చార్జి వేయకూడదంది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పు మన రెస్టారెంట్ల వరకే. అలాస్కాలోని జూనో రేవులో ఆగిన ఓడలో చూపిస్తే నవ్వుతారు.

మీరొక్కరు 777 డాలర్లు తీయించేస్తే ఓడేమీ మునిగిపోదు. వేలమంది ప్రయాణికుల్లో మీ వాటా ఎంతని? కానీ కోపం కంపెనీ మీద, కోత మాత్రం గిన్నెలు కడిగేవాడి మీద. అందుకే నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. పైగా కొన్ని కంపెనీల్లో, టిప్పు తీయించుకున్న ప్రయాణికుడు చేతికిచ్చిన నోటును కూడా సిబ్బంది ఉమ్మడి గల్లాలో జమ చేయాలన్న నియమం ఉంది. అప్పుడు మీ స్నేహితుడి ఇరవై డాలర్ల సంతోషం కూడా కుర్రాడికి మిగలదు. ఆటోమేటిక్‌ది కట్టేసి, నచ్చినవాడికి పైన ఇచ్చే నోటు వాడిదే. సర్వీసు బాగాలేదా? తువ్వాళ్ళు మార్చలేదు, ఏసీ పని చేయలేదు అనుకుంటే రెండోరోజే చెప్పండి. ఆఖరిరోజు బిల్లులో కోస్తే మీ గదేం బాగుపడదు.

ఇక మీ జేబు సంగతి. డాలరు 90 రూపాయలని లెక్కకు పెట్టుకుంటే 777 డాలర్లు 69,930 రూపాయలు. దీన్ని టిప్పుగా చూస్తే గుండె గుభేలుమంటుంది. టికెట్‌లో భాగంగా చూడండి. టికెట్ కొన్న రోజే ఈ అంకె కూడా పక్కన వేసుకుని, ఈ ట్రిప్పు మనకు అందుతుందా లేదా అని తేల్చుకోవాల్సింది. అబ్బాయి టికెట్ కొని, మిగతాది మీరు తలకెత్తుకోవడంతో బరువైన ముక్క మీ వంతుకొచ్చింది. ఆ మాట వాడితో చెప్పడానికి మొహమాటపడకండి.

మీ కార్డు మీద కట్టకండి. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి డాలర్ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ (బ్యాంకు వేసుకునే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. కలిపి 4.13 శాతం. ఈ బిల్లు మీదే సుమారు 2,900 రూపాయలు ఊరికే పోతాయి. అబ్బాయినే తన డాలర్ కార్డుతో ఇప్పుడే ముందుగా కట్టేయమనండి. ముందే కడితే మధ్యలో రేటు పెంచినా మీకు తగలదు, వీళ్ళు ఏడాదికో రెండేళ్ళకో పెంచుతూనే ఉంటారు. మాట నిలబెట్టుకోవాలంటే ఆ రూపాయలు అబ్బాయికి ఇక్కడున్న ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్ళకు మన బ్యాంకులిచ్చే రూపాయల ఖాతా) కానుకగా ట్రాన్స్‌ఫర్ చేయండి. సొంత కొడుకు కాబట్టి నియమాలు ఒప్పుకుంటాయి, నగదుగా మాత్రం వద్దు.

ఓడ ఎక్కేటప్పుడు ఖాతాకు కార్డు జత చేయమంటారు. డెబిట్ కార్డు ఇవ్వకండి. రోజూ కొంత డబ్బు హోల్డ్‌లో పెడతారు, అది మీ ఖాతాలోకి తిరిగి రావడానికి రోజులు పడుతుంది. పెన్షన్ ఖాతా అలా బిగుసుకుపోతే టెన్షన్ మీకే.

నేను పడ్డ గోతిలో మీరు పడకండి. మొదటిసారి వెళ్ళినప్పుడు కాఫీ తాగి స్లిప్ మీద సంతకం చేశాను. కింద టిప్పుకు గీత గీసి ఖాళీ ఉంది. ఖాళీగా వదిలితే బాగుండదని రెండు డాలర్లు రాశాను. గదికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే పైనే 18 శాతం గ్రాట్యుటీ కలిపేశారు, నేను రాసింది దాని మీద! అలా నాలుగు రోజులు రాశాను. బార్‌లో, స్పెషల్ కాఫీ షాపులో, స్పాలో పడే ఈ 18, 20 శాతం మీ 18.50లో భాగం కాదు, విడిగా వేసేది. మీరు మందు ముట్టకపోయినా పిల్లల కూల్‌డ్రింకులకు పడుతుంది. బఫేలో టీ, మామూలు కాఫీ ఉచితమే, అవి చాలు.

ఒకటి, అయిదు డాలర్ల నోట్లు కలిపి వందదాకా దగ్గరుంచుకోండి. రేవులో సామాను మోసే పోర్టర్‌కు, అలాస్కాలోని కెచికాన్‌లో ఊరు చూపించే బస్సు డ్రైవర్‌కు ఓడ గ్రాట్యుటీలో వాటా లేదు. ఏడు రోజులూ గది చక్కగా చూసిన కుర్రాడికి ఆఖరి రాత్రి కొంత ఇవ్వాలనిపిస్తే అందులోంచే.

డబ్బు ప్రశ్న కాదుగానీ, ఇది మరిచిపోతే డబ్బంతా పోతుంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో వేరే దేశాన్ని తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది. ఓడ విక్టోరియాలో ఒక్క సాయంత్రమే ఆగినా, మీరు దిగకపోయినా, భారత పాస్‌పోర్టు ఉన్న మీ ఇద్దరికీ కెనడా విజిటర్ వీసా కావాలి. లేకపోతే రేవులోనే ఆపేస్తారు, టికెట్ డబ్బూ రాదు. అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి, ఆ వీసాకు దరఖాస్తు పెట్టారో లేదో అడగండి.