ఆ వివరాలు కామెంట్లో వద్దు తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఎక్స్ఎస్ఎల్‌టీ స్టైల్‌షీట్, అదే ఎక్స్ఎమ్ఎల్ డేటాని వేరే రూపంలోకి మార్చే ఫైలు, రాత్రి కూర్చుని చదివాను. అవుట్‌పుట్ ఎలా రావాలో చెప్పే టెంప్లేట్లు బాగున్నాయి. కానీ నేను ఫైలు మొదట్లోనే ఆగిపోయాను. ముప్పై లైన్ల కామెంటు, చుట్టూ నక్షత్రాల గీత, లోపల ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు, బయటి నుంచి విలువ తీసుకునే ఏ పారామీటర్‌కి ఏం ఇవ్వాలి అని అంతా రాశావు. ఎంత ఓపిగ్గా రాశావో కనిపిస్తోంది, అందుకే బాధేసింది. స్టైల్‌షీట్‌ని నడిపే ప్రాసెసర్ కామెంట్లను పట్టించుకోదు, అందులో పేరేదో తేదీ ఏదో ఏ టూలూ నమ్మకంగా తేల్చలేదు. కామెంటు లోపల రెండు హైఫన్లు పక్కపక్కన పడ్డాయా, ఫైలే పార్స్ అవ్వదు.

1999లో వచ్చిన ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0లోనే దీనికి చోటుంది. స్టైల్‌షీట్ ఎలిమెంట్ కింద నేరుగా, ఇంపోర్టుల తర్వాత, నీ సొంత నేమ్‌స్పేస్‌లో, అంటే ఇవి నీ పేర్లని వేరుగా తెలిపే గుర్తు కింద, ఏ ఎలిమెంటైనా పెట్టుకో, ప్రాసెసర్ దాని జోలికి రాదు. నేమ్‌స్పేస్ లేకుండా పెడితే మాత్రం ఎర్రరే. శీర్షికకీ, రాసినవాళ్లకీ, తేదీకీ ఇలాంటి వివరాలకి అందరూ వాడే పేర్ల ప్రమాణం డబ్లిన్ కోర్‌లో టైటిల్, క్రియేటర్, డేట్ ఉండగా కొత్త పేర్లు కనిపెట్టకు. పారామీటర్ గురించి చెప్పేది ఆ పారామీటర్‌కి సరిగ్గా పైన ఉండాలి. స్టైల్‌షీట్ కూడా ఎక్స్ఎమ్ఎలే కదా, ఇంకో చిన్న స్టైల్‌షీట్‌తో దాన్ని చదివించి డాక్యుమెంటేషన్ పేజీ తీసేయొచ్చు.

టెంప్లేట్ లోపల మాత్రం పెట్టకు, అక్కడ పెట్టింది అవుట్‌పుట్‌లోకి వెళ్లిపోతుంది. నా మొదటి ఉద్యోగంలో అదే చేశాను. కస్టమర్‌కి వెళ్లిన బిల్లు మీద 'పన్ను లెక్క తాత్కాలికం' అని అచ్చయింది. మా లీడ్ ఆ ఒక్కటీ సరిచేయించకుండా, కోడే అన్నీ చెప్పాలి అంటూ అన్ని ఫైళ్లలోని వివరాలూ పీకించేశాడు. అప్పట్లో ఆ మాట పెద్ద ఫ్యాషన్, ఇప్పటికీ వింటే ఒళ్లు మండుతుంది. రెండేళ్లకి ఆయన వెళ్లిపోయాడు. 'మోడ్2' అనే పారామీటర్‌ని ఎవరు ఎందుకు పెట్టారో చెప్పేవాళ్లు లేక మూడు రాత్రులు పాత బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. దాని పైన ఒక్క వాక్యం ఉంటే ఐదు నిమిషాల పని.

ఇంకోటి, నీ డాక్యుమెంటేషన్ నేమ్‌స్పేస్‌కి పెట్టిన పొట్టి పేరు, అదే ప్రిఫిక్స్‌ని, స్టైల్‌షీట్ ఎలిమెంట్ మీద ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్ అనే అట్రిబ్యూట్‌లో రాయి, లేకపోతే ఆ నేమ్‌స్పేస్ డిక్లరేషన్ అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది.

ఎడిటర్ గురించి, ఎక్స్ఎస్ఎల్‌టీ 3.0 గురించి అడిగావు, అవి తర్వాత. ముందు ఆ ముప్పై లైన్లూ విప్పి ఎలిమెంట్లుగా రాసి పంపు, ఆదివారం చూస్తాను.

నీ అన్నయ్య