బ్యాక్‌డౌన్‌లో ఉన్న టర్బైన్ నుంచి గాలి వేగం తెలుస్తుందా?

బ్యాక్‌డౌన్ అంటే గాలి ఉన్నా గ్రిడ్ వాళ్లు ఉత్పత్తి తగ్గించమనడం. అప్పుడు కూడా గాలి వేగం తెలుస్తుందండి. కానీ మీరు అడిగినట్టు పవర్ కర్వ్‌ని (ఏ గాలి వేగానికి ఎంత కరెంటు వస్తుందో చూపే గీత) తిరగేసి, వచ్చే పవర్‌ని బట్టి వేగం చూస్తే మాత్రం తెలియదు. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే.

మాది గుంటూరు. బ్రాడీపేటలో ఇంట్లో కూర్చునే అనంతపురం వైపున్న ఒక విండ్ ఫామ్ స్కాడా డేటా (టర్బైన్లు పంపే రీడింగులు) చూస్తుంటాను. ఓ రోజు 2 మెగావాట్ల మిషన్లని 1 మెగావాట్‌కి తగ్గించమన్నారు. ఎన్ని యూనిట్లు పోయాయో లెక్క తీయాలి. కర్వ్‌లో 1 మెగావాట్‌కి ఎదురుగా ఉన్న వేగమే రాసుకుంటూ పోయాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సెకనుకు 8 మీటర్లు, స్కేలు పెట్టి గీసినట్టు! ఆషాఢం గాలి అలా ఉంటుందా? నష్టం సున్నా అని తేలింది. మా సార్ ఒకటే అడిగారు: "మరి ఆ మిషను గాలి తప్పించుకునేలా బ్లేడ్లెందుకు తిప్పుకుందయ్యా?"

ప్రకాశం బ్యారేజీ దగ్గర గేటు ఎంత ఎత్తారో చూడకుండా, కిందికొచ్చే నీళ్లని బట్టి పైన మట్టం చెప్పలేం కదా. ఇక్కడ పిచ్ కోణమే (బ్లేడు ఎంత తిప్పుకుందో చెప్పే కోణం) గేటు. రోటర్ (తిరిగే బ్లేడ్ల చక్రం) వ్యాసం 100 మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు అనుకోండి. గాలిలోని శక్తిలో రోటర్ పట్టుకునే వంతు, అదే సీపీ, సెకనుకు 8 మీటర్ల గాలి దగ్గర 0.45 ఉంటే 1 మెగావాట్. 12 మీటర్ల గాలిలో 0.13 ఉన్నా అదే 1 మెగావాట్. ఏది నిజమో పిచ్, ఆర్‌పీఎం (నిమిషానికి రోటర్ తిరిగే చుట్లు) చెబుతాయి. ఆ రెండింటికీ, పవర్‌కీ (జనరేటర్ నష్టాలు కలిపి) సరిపడే వేగం వచ్చేదాకా సీపీ పట్టికలో (ఏ పిచ్‌కి, ఏ ఆర్‌పీఎంకి, ఏ వేగానికి సీపీ ఎంతో చెప్పేది) వెతకాలి. వేగం మారితే సీపీ కూడా మారుతుంది కాబట్టి ఒక్క గుణకారంతో తేలదు. పట్టిక మా చేతికి రాలేదు, మాస్ట్ (గాలి కొలిచే స్తంభం) రీడింగులు పెట్టుకుని మేమే కట్టుకున్నాం. సాంద్రత దగ్గర పుస్తకంలోని 1.225 వేసేయకండి, మన ఎండకి, ఆ ఎత్తుకి అది ఎక్కువ.

నాసెల్ (టవర్ పైన జనరేటర్ ఉండే పెట్టె) మీద ఎనిమోమీటర్, అదే గాలి వేగం కొలిచే పరికరం, ఉందిగా అంటారేమో. అది రోటర్ వెనక ఉంటుంది. మామూలుగా బ్లేడ్లు శక్తి లాగేశాక మిగిలిన గాలిని చూసి దిద్దుబాటు కడతారు. బ్లేడ్లు తిప్పుకుంటే వాటి వెనక గాలి అంత తగ్గదు, పాత దిద్దుబాటే వాడితే వేగం ఎక్కువ చూపిస్తుంది.

సెట్‌పాయింట్ (ఎంతకి తగ్గించాలన్న ఆదేశం) మధ్యలో మారిన పది నిమిషాల సగటులు పక్కన పడేయండి. తగ్గించకుండా వదిలేసిన మిషను దగ్గర్లో ఉంటే దానితో పోల్చి చూడండి. మాకలాంటిది ఒక్కటే ఉండేది, అదీ గుట్ట అవతల.