వరి, గోధుమ, బార్లీ వంటి పైర్లలో చలికి స్పందించే జన్యువులపై హరితరేణువుకు పెత్తనం ఉందా?

చలి సోకినప్పుడు హరితరేణువు కేవలం దెబ్బతినే భాగమా, లేక కేంద్రకంలోని జన్యువులను కూడా అదే కదిలిస్తుందా అని మీరు అడిగారు. కదిలిస్తుందనే నా దృఢమైన అభిప్రాయం. పలమనేరు దగ్గర మా నారుమళ్లలో చూసినదీ, తిరుపతిలో వృక్షశాస్త్రం చదివిన నాటి నుంచి వెదకి తెలుసుకున్నదీ నన్ను ఆ మాట మీదే నిలబెడుతున్నాయి.

మాది మిట్ట ప్రాంతం కాబట్టి పుష్యమాసంలో తెల్లవారుజాము చలి తిరుపతి వారికి ఊహకందదు. ఒక ఏడాది రబీ నారు రెండాకులు వేసిన దశలో చలి ఒక్కసారిగా ముదిరింది. మా కయ్యకు తూర్పు గెనిమకు ఆవల చింతచెట్టు ఉంది. పొద్దు బాగా ఎక్కేదాకా దాని నీడ కయ్యలో ఒక పట్టీలా పడుతుంది, మిగిలిన భాగమంతా సూర్యుడు పైకి రాగానే నేరుగా ఎండకు గురవుతుంది. కొద్ది రోజులలోనే ఎండ తగిలిన వైపు కొత్త ఆకులు పాలిపోయి తెల్లబారగా, నీడలోని నారు పచ్చగానే నిలిచింది. చెట్టు కింద రాత్రి చలి కొంత తగ్గుతుంది కనుకనే అలా జరిగిందని మా నాయన వాదించారు గానీ, ఆ పచ్చని పట్టీ కొమ్మల కింద లేదు, ఉదయపు నీడ పడమరగా ఎంత దూరం సాగిందో అంత దూరమూ ఉంది. విత్తనం, నీరు, ఎరువు అన్నీ ఒకటే అయినప్పుడు తేడా వెలుగులోనే ఉందని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

దీని వెనుక ఉన్న కారణం స్పష్టమైనదే. ఆకు వెలుగును పట్టుకునే పని చలికి మందగించదు. పట్టుకున్న శక్తితో కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే ఎంజైములు మాత్రం మందగిస్తాయి. రాబడి తగ్గకుండా ఖర్చు ఆగిపోయిన ఇల్లు ఎలా కిక్కిరిసిపోతుందో, హరితరేణువు లోపల వెలుగును పట్టే థైలకాయిడ్ పొరలో ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోక్వినోన్ అనే పదార్థం అలా ఎలక్ట్రాన్లతో నిండిపోతుంది, చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి, ఆ ఒత్తిడి సమాచారం హరితరేణువు నుంచి కేంద్రకానికి చేరుతుంది. శీతాకాలపు గోధుమ, దానికి దగ్గరి ధాన్యపు పైరైన రై మొక్కలపై కెనడాలో జరిగిన పరిశోధనలలో, 20 డిగ్రీల వెచ్చదనంలోనే వెలుగును బాగా పెంచితే మొక్క చలిలో పెరిగినట్లు పొట్టిగా, గుబురుగా పెరిగింది. చలికి పలికే, అంటే చలిలో చురుకుగా పనిచేసే, ఒక గోధుమ జన్యువు పని కూడా ఈ ఒత్తిడిని అనుసరించే హెచ్చింది. చలి లేకుండానే చలి లక్షణాలు కనిపించాయంటే, మొక్క కొలుస్తున్నది ఉష్ణోగ్రతను మాత్రమే కాదు.

బార్లీ సాక్ష్యం ఇంకా బలమైనది. హరితరేణువులు ఎదగకుండా వివిధ దశలలో ఆగిపోయిన ఆల్బినా, జాంథా అనే ఉత్పరివర్తకాలను (జన్యువు మారిపోయిన మొక్కలను) చలిలో ఉంచి పరిశీలించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మామూలు మొక్కలో చలికి స్పందించిన జన్యువులలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఉత్పరివర్తకాలలో ఏ ఒక్కదానిలోనూ స్పందించలేదు. అన్నింటిలోనూ మామూలుగా స్పందించినవి సుమారు 11 శాతం మాత్రమే. కోర్14బి అనే బార్లీ జన్యువు చీకటిలో పెరిగిన మొలకలలో చలికి కొద్దిగానే పలుకుతుంది, కాస్త వెలుగు చూపితే మరింత బలంగా పలుకుతుంది. చలి సోకగానే మేల్కొని ఇతర జన్యువులను పనిచేయించే సీబీఎఫ్ జన్యువుల మార్గం ముఖ్యమైనదే, కానీ మన పాఠ్యపుస్తకాలు చలి గురించి చెప్పేటప్పుడు దానితోనే ముగించి, హరితరేణువును కిరణజన్య సంయోగక్రియ అధ్యాయం దాటి బయటకు రానివ్వకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఎరువుల దుకాణాలలో జరిగేది కూడా ఇటువంటిదే: నారు పాలిపోయిందనగానే చలి సంగతి అడగకుండా యూరియా, జింకు అంటగడతారు. జింకు లోపం మా నేలల్లో ఉన్నదే, ఆకుపై ముదురు గోధుమరంగు మచ్చలు కనిపిస్తే జింకు సల్ఫేట్ తప్పక చల్లాలి. కానీ చల్లని రాత్రి వెంటనే కాసిన ఎండకు తెల్లబారిన ఆకును యూరియా బాగుచేయదు. రాత్రి నారుమడిపై పట్టా కప్పడం, ఉదయాన్నే చల్లబడిన నీటిని తీసి బావి నీరు పెట్టడం అంతకన్నా మేలు.

మీరు దీనిపై ప్రాజెక్టు చేయదలిస్తే, ఒకే చల్లని గదిలో కొంత నారును మసక వెలుగులో, కొంత నారును తీవ్రమైన వెలుగులో ఉంచి, ఆకుల క్లోరోఫిల్ ఫ్లోరెసెన్సును (పత్రహరితం తాను పట్టిన వెలుగులో తిరిగి వెదజల్లే కొద్దిపాటి కాంతిని) కొలవడంతో ప్రారంభించండి. వెచ్చని గదిలో కూడా ఇవే రెండు వెలుగులు పెట్టకపోతే చలి ప్రభావాన్నీ వెలుగు ప్రభావాన్నీ విడదీయలేరు.